బోర్డుల మీద ఐరిష్ తప్పు పడింది, ఇప్పుడేం చేయాలి?

ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వే నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్పై నాలుగు. విశాఖలో పర్యావరణ శాస్త్రం చదివి, భర్త ఉద్యోగం వల్ల ఐదేళ్ల క్రితం అక్కడికి వెళ్లారు. కొనమార ప్రాంతంలో ఎండిపోయి పాడైన బాగ్ నేలల్ని మళ్లీ నీటితో నింపి బతికించే చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నారు. బాగ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. వేల ఏళ్లుగా నాచు, మొక్కలు పూర్తిగా కుళ్లకుండా నీళ్లలో పొరలు పొరలుగా పేరుకున్న మెత్తటి నేల అది. ఆ పొరల్నే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, అక్కడివాళ్లు తరతరాలుగా పొయ్యిలో కాల్చుకున్నారు.

ప్రభుత్వ నిధితో వీళ్ల సంస్థకు ఒక పని వచ్చింది. నడకదారి పక్కన ఆరు బోర్డులు పెట్టాలి. ఒక్కోదానికి నూట యాభై పదాలు. బడిపిల్లలకు రెండున్నర వేల పదాల చిన్న పుస్తకం వేయాలి. తొమ్మిది వేల పదాల నిర్వహణ ప్రణాళిక సారాంశం కూడా ఉంది. అన్నీ ఇంగ్లిష్‌లోనూ ఐరిష్‌లోనూ ఉండాలి. ఈమె మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర చెప్పిన ఏజెన్సీకి ముందుగా బోర్డుల పని ఇచ్చారు. ఆరు రోజుల్లో అనువాదం వచ్చేసింది. ఆఫీసులో ఐరిష్ గట్టిగా చదవగలిగినవాళ్లు లేరు. డైరెక్టర్ గారు బళ్లో నేర్చుకుని మర్చిపోయారట. రెండు బోర్డులు అచ్చు వేయించి నిలబెట్టారు. ఊరివాళ్లను పిలిచి చూపించిన రోజున, రిటైరైన ఒక మాస్టారు ఒక బోర్డు ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఐరిషే. కానీ ఇక్కడ ఎవరూ మాట్లాడని ఐరిష్" అన్నారట. ఆ బాగ్ మీద తెల్లటి దూది కుచ్చులా ఊగే గడ్డికి ‘బాగ్ పత్తి’ అని, పురుగుల్ని తినే చిన్న మొక్కకు ‘సూర్యుడి మంచు’ అని ఇంగ్లిష్ పేర్లకు మక్కికి మక్కి మాటలు వేశారు. అన్నిటికన్నా ఘోరం, ఆ చోటి అసలు పేరు వదిలేసి ఇంగ్లిష్ పేరు అర్థాన్ని తిరిగి ఐరిష్‌లోకి మార్చారు.

ఇప్పుడు తలా ఒక మాట. గ్రాంటు షరతు తీరింది కదా, ఎవరు చదువుతారు అంటున్నారు డైరెక్టర్. మిగతాదంతా ఏఐతో ఒక్క సాయంత్రంలో అయిపోతుంది అంటోంది తోటి ఉద్యోగిని. మనది కాని భాష కోసం నీకెందుకింత టెన్షన్ అంటున్నారు భర్త. ఈమె నలుగురు అనువాదకులను సంప్రదించారు. ఒకరు సైన్స్ తీసుకోనన్నారు. ఒకావిడ బాగా చేస్తారని పేరుంది కానీ నాలుగు నెలల వరకు ఖాళీ లేదు. ఒకరు రెట్టింపు ధర చెప్పారు. నాలుగో ఆమె ఇంటి ఓనర్ గారి అమ్మాయి, ఐరిష్ మీడియం బళ్లో చదివింది, డబ్బు తీసుకోకుండా చేస్తానంటోంది. గడువు పదకొండు వారాలు. "పరాయి దేశం నుంచి వచ్చి మా భాషను పాడు చేసిందని అనుకుంటారేమో. రెండు వారాలుగా ఆ ఊరి వైపు వెళ్లలేదు. ఎకాలజీ, ఐరిష్ రెండూ తెలిసినవాళ్లను ఎక్కడ వెతకాలి? నాకు రాని భాష బాగుందో లేదో ఎలా చూసుకోవాలి? నిధి ఇచ్చినవాళ్లకు చెప్పాలా? బోర్డులు తీసేయాలా?" ఇవీ ఈమె ప్రశ్నలు. చివర్లో, అనువాదకుల పేరు బోర్డు మీద వేయాలా అని కూడా అడిగారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను డబ్లిన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. సాయంత్రం క్లాసులకు వెళ్లి ఐరిష్ నేర్చుకున్నాను. అంతకుముందు మన దగ్గర అడవుల మీద, చేపల వేట మీద కరపత్రాలు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చే పని చేశాను. కాబట్టి మీ మాస్టారి ముఖం నాకు కనిపించినట్టే ఉంది. కోరింగ దగ్గర ఒక సమావేశంలో నేను రాసిన కరపత్రం చదివారు. అందులో ‘మాంగ్రూవ్ వృక్షజాలం’ అని రాశాను. ఒక పెద్దావిడ చివరిదాకా విని, "మడ చెట్ల గురించేనా బాబూ నువ్వు చెప్పేది?" అంది. వాళ్లు తెల్లమడ, నల్లమడ అని విడివిడిగా పిలుచుకునే చెట్లన్నిటినీ నేను ఒక్క పరాయి మాట కింద కప్పేశాను. తెలుగు పుట్టుకతో వచ్చిన నేనే ఆ పని చేశాను. మీరు ఐరిష్ రాని మనిషి. తప్పు మీకు భాష రాకపోవడంలో లేదు. పని అప్పగించేటప్పుడు ఏం అడగాలో మీకు ఎవరూ చెప్పలేదు, అంతే. అది నేర్చుకోవచ్చు.

ముందు డైరెక్టర్ గారి మాట చూద్దాం. ఆయన మాటలో సగం నిజం ఉంది. 2003 అధికార భాషల చట్టం, బోర్డుల గురించి 2008లో వచ్చిన నిబంధనలు ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తాయి. 2021 సవరణ కూడా వాళ్ల మీదే బాధ్యత పెంచింది. మీలాంటి స్వచ్ఛంద సంస్థకు అవి నేరుగా తగలకపోవచ్చు. మీకు అసలు షరతు గ్రాంటు ఉత్తరంలో ఉంటుంది. దాన్ని తీసి, ‘ఐరిష్‌లో ఉండాలి’ అని మాత్రమే రాశారా, నాణ్యత గురించి, ఊరివాళ్లతో సంప్రదింపుల గురించి ఏమైనా ఉందా అని అక్షరం అక్షరం చదవండి. కానీ ‘ఎవరు చదువుతారు’ అన్న మాట మాత్రం మీ చోటికి అసలు సరిపోదు. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ మాట్లాడగలమన్నవాళ్లు 18,73,997 మంది. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 71,968 మందే. దేశం మొత్తానికి చూస్తే చిన్న సంఖ్య. అయితే ఆ కొద్దిమందిలో నాలుగో వంతుకు పైగా గేల్తఖ్త్ అనే ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లోనే ఉంటారు. వాటిలో కొనమార పెద్దది. డబ్లిన్ పార్కులో బోర్డు పెడితే ఐరిష్ వైపు చూసేవాళ్లు తక్కువే. మీ బోర్డు ముందు నిలబడే మనిషి మాత్రం ఇంట్లో ఆ భాషలోనే అన్నం తినే మనిషి.

ఇంకో సంగతి కూడా ఉంది. టర్ఫ్, అంటే పొయ్యిలోకి ఇటుకల్లా కోసే బాగ్ మట్టి. దాని కోత మీద ఆంక్షలు వచ్చినప్పటి నుంచి, బాగ్‌లను కాపాడతామంటూ వచ్చేవాళ్లంటే ఊళ్లలో కొంత అనుమానం ఉంటుంది. తాతముత్తాతలు తమ పారతో కోసుకున్న నేల గురించి బయటివాళ్లు పాఠం చెబుతున్నారన్న బాధ అది. అక్కడ తప్పుడు ఐరిష్‌లో బోర్డు పెడితే అసలు ఏ భాషా లేకపోయినదానికన్నా ఎక్కువ నొప్పి. మీ ఆయనకు ఇది చెప్పండి. మీరు పడేది ఊరికే పడే టెన్షన్ కాదు, మీ నేల పునరుద్ధరణ పనిలో అది భాగమే.

ఇక అసలు చిక్కు. మంచి ఐరిష్ అనువాదకులు దొరకరన్న మాట నిజమే, అందుకు కారణాలున్నాయి. 2007 జనవరి 1న ఐరిష్ ఐరోపా యూనియన్ అధికార భాష అయింది. 2022 జనవరి 1 నుంచి పూర్తి హోదా వచ్చింది. దాంతో గట్టివాళ్లు చాలామంది బ్రస్సెల్స్, లక్సెంబర్గ్ ఉద్యోగాలకు వెళ్లారు. ఇక్కడ మిగిలినవాళ్లకు ఎక్కువగా వచ్చే పని వార్షిక నివేదికలు, చట్టాలు, ప్రభుత్వ ప్రకటనలు. నాచు గురించి, పక్షుల గురించి రాసే పని ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. అందుకే మొదటి ఆయన సైన్స్ చేయనని చెప్పడాన్ని నేను తప్పుపట్టను. నిజాయితీగా చెప్పారు.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. బాగ్ అన్న ఇంగ్లిష్ మాటే ఐరిష్ నుంచి వెళ్లింది. ఐరిష్‌లో ‘బొగ్’ అంటే మెత్తనిది. ఆ నేలను మాత్రం వాళ్లు ‘పొర్తఖ్’ అంటారు. వానాకాలంలో నిండి ఎండల్లో భూమిలోకి ఇంకిపోయే చెరువుకు భూగోళ శాస్త్రజ్ఞులంతా వాడే టర్లో, మంచు నదులు వదిలిన ఇసుక గట్టుకు వాడే ఎస్కర్, అదే మంచు మలిచిన చిన్న గుట్టకు వాడే డ్రమ్లిన్, ఇవన్నీ ఐరిష్ మాటలే. ఆ నేలను చూసి పేర్లు పెట్టింది ఐరిష్. ఇంగ్లిష్ అరువు తెచ్చుకుంది. మీ ఏజెన్సీ అనువాదకుడు అరువు తీసుకున్న ఇంటికి వెళ్లి, అసలు యజమాని దగ్గర ఉన్న వస్తువును కొత్తగా తయారు చేయబోయాడు. ఆ దూది గడ్డికి ఐరిష్ పేరు ‘క్యానవాన్’, అంటే తెల్లతలది. పురుగుల్ని తినే మొక్క ‘ద్రూఖ్తీన్ మోన’, బాగ్ మట్టి మీది మంచుబొట్టు. ఇంత అందమైన పేర్లు పక్క ఊళ్లో ఉండగా ‘సూర్యుడి మంచు’ ఎందుకు?

ఊరి పేరు సంగతీ అంతే. కొనమారలోనే రౌండ్‌స్టోన్ అనే ఊరుంది. ఇంగ్లిష్‌లో చూస్తే గుండ్రటి రాయి. దాని ఐరిష్ పేరు ‘క్లొఖ్ న రోన్’, సీల్ జంతువుల రాయి. రోన్ అన్న మాట రౌండ్‌లా వినిపించి అలా మారిపోయింది. ఇప్పుడు ఎవరైనా ఇంగ్లిష్ పేరు చూసి ‘గుండ్రటి రాయి’ అని ఐరిష్‌లో రాస్తే ఆ ఊరివాళ్లకు ఎలా ఉంటుంది? మీ బోర్డు మీద జరిగింది అదే. ఈ తప్పు ఇకముందు జరగకుండా చూడటం చాలా తేలిక. లొగానిమ్ అనే ప్రభుత్వ ఊరిపేర్ల డేటాబేస్ ఉంది, ఉచితం. పల్లెల పేర్లు, కొండల పేర్లు, చెరువుల పేర్లు అందులో ఉంటాయి. అనువాదకులకు ఇచ్చే ముందే మీరే ఆ పేర్లన్నీ తీసి ఇంగ్లిష్ ప్రతిలో పక్కన రాసిపెట్టండి. దీనికి ఐరిష్ రావక్కర్లేదు.

ఎక్కడ వెతకాలి అన్నారు. మొదటి చోటు ఫొరస్ న గేల్గె. ఐర్లండ్ ద్వీపం మొత్తానికి ఐరిష్ భాష పెంపు కోసం 1999లో ఏర్పడిన సంస్థ. పరీక్ష పెట్టి, నెగ్గిన అనువాదకులకు గుర్తింపు ముద్ర ఇస్తుంది. ఆ జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది. రెండోది 1986 నుంచి ఉన్న ఐరిష్ అనువాదకుల, దుబాసీల సంఘం. ఈ రెండూ చూడండి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ముద్ర ఉందంటే వ్యాకరణం, భాష నమ్మకంగా ఉంటాయని అర్థం. ఆ మనిషికి బాగ్ తెలుసని అర్థం కాదు. అందుకని నేనైతే ఎకాలజీ, ఐరిష్ రెండూ ఒకే తలలో ఉన్న మనిషి కోసం ఏళ్లు వెతకను. అలాంటివాళ్లు ఉన్నారు, దొరికితే అదృష్టం. దొరక్కపోతే ఇద్దరినో ముగ్గురినో కలిపి ఆ ఒక్క తలను తయారు చేసుకోవచ్చు. ముద్ర ఉన్న అనువాదకుడు ఒకరు. ఆ నేలలో పుట్టి ఐరిష్ మాట్లాడే పెద్దమనిషి ఒకరు. ఎకాలజీ తెలిసిన మీరు మూడోవారు. మీ ముగ్గురిలో మూడో కుర్చీ ఇప్పటికే నిండింది, అది చిన్న విషయం కాదు.

మీ నుంచి వాళ్లకు అందాల్సింది ఏమిటంటే, ప్రతి మొక్క, పక్షి, పురుగు పేరు పక్కన శాస్త్రీయ లాటిన్ పేరు. అది లేకపోతే అనువాదకుడు ఇంగ్లిష్ వాడుక పేరు పట్టుకుని ఊహిస్తాడు. లాటిన్ పేరు ఉంటే టేర్మా అనే జాతీయ పరిభాష డేటాబేస్‌లో వెతుక్కోగలడు. డబ్లిన్ సిటీ యూనివర్సిటీ వాళ్లు ఫొరస్ న గేల్గెతో కలిసి నడిపేది అది. అందులో దొరకని మాటకు పరిభాష కమిటీని అడగవచ్చు. జవాబుకు సమయం పట్టవచ్చు కాబట్టి మొదటి వారంలోనే అడగండి. దీంతోపాటు ఫొటోలు ఇవ్వండి. నాకు తెలిసిన ఒక అనువాదకురాలు ఫొటో చూసి, "ఓ, ఇదా, మా అమ్మమ్మ దీన్ని ఇంకోలా పిలిచేది" అని మాట మార్చింది. నిఘంటువు ఆ పని చేయదు.

పని ఒప్పుకునే ముందు ఎవరికైనా నూట యాభై పదాల ముక్క ఇవ్వండి, డబ్బిచ్చి చేయించండి. ఆ ముక్క మీ బోర్డుల్లోదే కానివ్వండి. వచ్చాక ఆ మనిషి మిమ్మల్ని ఏమైనా అడిగారా లేదా చూడండి. ‘ఈ దారి ఏ ఊరి వైపు వెళ్తుంది? చదివేది పిల్లలా పెద్దలా? పర్యావరణం అన్నచోట చుట్టుపక్కల పరిసరాలనా, ప్రభుత్వ శాఖలు వాడే అర్థంలోనా?’ ఇలా అడిగేవాళ్లు మంచివాళ్లు. ఆ చివరి ప్రశ్న నిజంగానే వస్తుంది. ఐరిష్‌లో ‘తిమ్‌పలఖ్త్’ ఒకటి, ‘కోహీల్’ ఒకటి ఉన్నాయి. బడిపిల్లల పుస్తకంలో మొదటిది హాయిగా ఉంటుంది. పర్యావరణ పరిరక్షణ సంస్థ తన పేరులో వాడుకునేది రెండోది. ఆరు రోజుల్లో ఒక్క ప్రశ్న లేకుండా అనువాదం వచ్చిందంటే, ఇకముందు దాన్ని హెచ్చరికగా తీసుకోండి.

కొనమార మాట కావాలా, ప్రామాణిక భాష కావాలా అనేది కూడా ముందే తేల్చండి. ఐరిష్‌కు 1958 నుంచి అధికారిక ప్రమాణం ఉంది. కానీ వాడుకలో మూడు పెద్ద మాండలికాలు. బంగాళాదుంపలను కొనమారలో ‘ఫతీ’ అంటారు, దక్షిణాన ‘ప్రాతీ’, ఉత్తరాన ‘ప్రేతీ’. మన ఆనపకాయ, సొరకాయ లాంటి సంగతే. ప్రణాళిక సారాంశం ప్రామాణికంలో ఉండటమే సరి. బోర్డుల మీద మాత్రం వ్రాత ప్రామాణికంలో ఉంచి, మాటలు కొనమారవి పెట్టమనండి. టర్ఫ్ కోసే పారను ‘ష్ల్యాన్’ అంటారు, కోసిన గట్టును ‘బఖ్త’ అంటారు. ఇవి చూస్తే చాలు, ఆ ఊరి మనిషి కళ్లు వెలుగుతాయి.

ఇక మీకు రాని భాషను మీరెలా చూసుకోవాలి. పూర్తిగా చూడలేరు. కొంత మాత్రం చూడగలరు, ఆ కొంతలోనే చాలా తప్పులు పట్టుబడతాయి.

మనకు ‘తల్లి’, ‘తండ్రి’ కలిస్తే ‘తల్లిదండ్రులు’ అవుతుంది, ‘అన్న’, ‘తమ్ముడు’ కలిస్తే ‘అన్నదమ్ములు’. రెండో మాట మొదటి అక్షరం మెత్తబడుతుంది. ఐరిష్ వ్యాకరణంలో ఇది అడుగడుగునా ఉంది. ‘పొర్తఖ్’ అంటే బాగ్. ‘బాగ్ యొక్క’ అనాలంటే ‘ఫొర్తీ’ అవుతుంది. ‘బాగ్‌ల యొక్క’ అనాలంటే ‘బొర్తఖ్’ అవుతుంది. రాసేటప్పుడు అసలు అక్షరం అలాగే ఉండి, దాని పక్కన ఇంకో అక్షరం చేరుతుంది. కాబట్టి ఒకే మాట మూడు రకాలుగా కనిపిస్తే తప్పనుకోకండి. ముఖ్యంగా మీ డిజైనర్‌కు చెప్పండి. ‘కొనమారలో’ అని ఐరిష్‌లో రాస్తే, పెద్ద అక్షరం సీ ముందు చిన్న అక్షరం జీ వస్తుంది. ఐరిష్ తెలియని డిజైనర్ దాన్ని అచ్చుతప్పనుకుని సరిచేసేస్తాడు. అలాగే అచ్చుల మీద పెట్టే గీత. గీత లేకపోతే ‘ఫ్యార్’, మగమనిషి. గీత ఉంటే ‘ఫేర్’, గడ్డి. బాగ్ మీద గడ్డి పెరుగుతుందని చెప్పే బోర్డులో ఆ చిన్న గీత ఎగిరిపోతే ఏమవుతుందో మీరే ఊహించండి. అచ్చుకు వెళ్లే ఫైలును అనువాదకులకు మళ్లీ చూపించి, సరేనని రాతపూర్వకంగా తీసుకోకుండా ప్రెస్‌కు పంపొద్దు. దీనికి పట్టేది ఒక్క రోజు.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. బళ్లో ఐరిష్ చదివిన ప్రతివాళ్లూ సలహా ఇస్తారు. బూడిదరంగు ఉడుతను ఐరిష్‌లో ‘ఇర గ్లస్’ అంటారు. గ్లస్ అంటే పచ్చ కదా, పచ్చ ఉడుత ఏమిటి అని మీ ఆఫీసులోనే ఎవరో ఒకరు అనొచ్చు. గ్లస్ అన్న మాట చెట్ల పచ్చదనానికీ, జంతువుల బూడిదరంగుకూ రెండిటికీ వాడతారు. అలాంటి సలహా వస్తే తోసిపుచ్చకండి, వెంటనే మార్చేయకండి కూడా. కాగితం మీద రాసుకుని అనువాదకులకు పంపండి, తేల్చేది వాళ్లు. అనువాదానికి ఐఎస్ఓ 17100 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అనువదించిన మనిషి కాక రెండో మనిషి మూలంతో పోల్చి చూడాలని అది తప్పనిసరి చేస్తుంది. కొటేషన్ అడిగేటప్పుడు ఆ రెండో మనిషి ఎవరో, ధరలో కలిసి ఉందో లేదో అడగండి. మీకు తక్కువ ధర ఎందుకొచ్చిందో అక్కడే తెలిసిపోయి ఉండేది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, ఏఐ. మీ తోటి ఉద్యోగిని చెడ్డ మాట ఏమీ అనలేదు. ఐరోపా యూనియన్ చట్టాలు, ప్రభుత్వ పత్రాలు రెండు భాషల్లో పక్కపక్కనే లభిస్తాయి కాబట్టి ఆ ధోరణిలో ఉండే వాక్యాలను యంత్రాలు నున్నగానే రాస్తాయి. 2024లో ఐరోపా యూనియన్ తెచ్చిన ప్రకృతి పునరుద్ధరణ నిబంధన ఐరిష్‌లో కూడా ఉంది. మీ ప్రణాళిక సారాంశంలో చాలా మాటలు దానిలోంచే వచ్చి ఉంటాయి. కాబట్టి ఆ తొమ్మిది వేల పదాలకు యంత్రం ముసాయిదా వేయించి, దాన్ని దిద్దడానికి అనువాదకుణ్ణి పెట్టుకోవచ్చు. అలా చేస్తే ముందే చెప్పాలి, దాచకూడదు. కొందరు ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్లు కూడా దిద్దడానికి మంచి ధరే అడుగుతారు, అడగాలి కూడా. ఇంకో చిక్కు, నున్నగా ఉన్న వాక్యంలో తప్పు కనబడదు. బోర్డులకు మాత్రం ఈ దారి వద్దంటాను. పాత తప్పులే మళ్లీ వస్తాయి.

రెండోది, పనిని ముక్కలు చేయడం. నాలుగు నెలల తర్వాత ఖాళీ అవుతానన్న ఆవిడను మొత్తం పన్నెండు వేల నాలుగు వందల పదాలు కాదు, తొమ్మిది వందల పదాలు అడగండి. ఆరు బోర్డులే. అంత చిన్న పనికి చాలామంది ఒక వారాంతం సర్దుకుంటారు. రెట్టింపు ధర చెప్పిన మనిషికి ప్రణాళిక ఇవ్వొచ్చు. ఆ రెట్టింపులో రెండో మనిషి పరిశీలన కూడా ఉందేమో అడిగి చూడండి, అప్పుడు అది రెట్టింపు కాకపోవచ్చు. రోజుకు పదిహేను వందల పదాలు వేసుకున్నా ప్రణాళిక ఆరు పనిదినాలు. పరిశీలన, డిజైన్, అచ్చు కలిపినా పదకొండు వారాల్లో సరిపోతుంది, ఈ వారమే మొదలుపెడితే. దీనివల్ల వచ్చే నష్టం ఒకటే. ఇద్దరు మనుషులు ఒకే మాటకు రెండు మాటలు వాడతారు. ముఖ్యమైన నలభై యాభై మాటల పట్టిక ఒకటి చేసి ఇద్దరికీ ఇవ్వండి.

మూడో దారి నాకు ఎక్కువ ఇష్టం, కష్టం కూడా అదే. బోర్డులను అనువదించడం మానేయండి. ఒక్కో బోర్డులో ఏ సంగతులు ఉండాలో మీరు పాయింట్లుగా ఇవ్వండి: ఈ నేల లోతు ఎంత, నీళ్లు ఎందుకు ఆపుతున్నాం, ఏ పక్షి ఎప్పుడొస్తుంది. కొనమారలో ఐరిష్‌లో బాగా రాసే మనిషి ఆ సంగతులతో ఐరిష్‌లోనే బోర్డు రాస్తారు. ఇంగ్లిష్ బోర్డు మీరు రాసుకుంటారు. రెండూ ఒకే నిజం చెబుతాయి, వాక్యానికి వాక్యం కలవవు. ఆ ఐరిష్ బోర్డు చదివినవాళ్లకు అది తమ కోసం రాసినదని తెలుస్తుంది. కానీ ‘అనువాదం’ అని రాసి ఉన్న గ్రాంటు పద్దు మార్చమని అడగాల్సి వస్తుంది. మీ డైరెక్టర్ తనకు అర్థం కాని వాక్యాల మీద సంతకం చేయాల్సి ఉంటుంది. దానికి ఆయన సిద్ధంగా లేకపోతే బలవంతం చేయొద్దు, రెండో దారిలో వెళ్లండి. ఒక్క బోర్డుకైనా ఇలా చేసి చూస్తే మంచిదే.

ఓనర్ గారి అమ్మాయి విషయం. ఉచితం కదా అని పని మొత్తం ఆ పిల్ల నెత్తిన పెట్టకండి. తప్పు వస్తే ఊళ్లో పేరు పోయేది ఆమెది. కానీ పిల్లల పుస్తకం సిద్ధమయ్యాక మొదట చదివి ఎక్కడ తడబడిందో చెప్పడానికి ఆమెను మించినవాళ్లు లేరు. ఆ పనికి డబ్బివ్వండి.

నిధి ఇచ్చినవాళ్లకు చెప్పాలా? చెప్పాలి, త్వరగా చెప్పాలి. ఊళ్లో ఇరవై మంది ముందు జరిగిన మాట, వాళ్లకు మీ నుంచి కాకపోతే ఇంకొకరి నుంచి చేరుతుంది. ‘రెండు బోర్డుల ఐరిష్‌లో తప్పులున్నాయని ఊరివాళ్లు చూపించారు, ఇలా సరిచేస్తున్నాం, ఇంత ఖర్చవుతుంది’ అని డైరెక్టర్ సంతకంతో పంపండి. ఆయన సంతకం ముఖ్యం. కొటేషన్ తెచ్చింది మీరైనా, ఆమోదించింది ఆయన. ఈ భారం మీ ఒక్కరి భుజం మీద ఉండకూడదు. పరాయి దేశం నుంచి వచ్చిన ఉద్యోగి మీద నింద త్వరగా పడుతుంది, మీ భయం ఊహే అని నేను చెప్పను. ఆయన సంతకం పెట్టనంటే, జరిగినదంతా తేదీలతో ఆయనకే మెయిల్ రాసి ఉంచుకోండి. ఏజెన్సీని కూడా అడగండి. తప్పులు చూపిస్తే కొందరు సరిదిద్ది ఇస్తారు, కొందరు కొంత డబ్బు వెనక్కిస్తారు. గొడవకు దిగొద్దు, దానికి మీకు సమయం లేదు.

బోర్డులు తీసేయాలా అన్నది మాస్టారినే అడగండి. వెంటనే తీసేస్తే సంస్థ సిగ్గుపడి దాచినట్టు ఉంటుంది. అలాగే వదిలేస్తే రోజూ ఆ దారిన నడిచేవాళ్లకు గుచ్చుతూ ఉంటుంది. ఐరిష్ భాగం మీద, ‘సరిచేస్తున్నాం, మీకు తెలిసిన పేర్లు మాకు చెప్పండి’ అని రెండు భాషల్లో చిన్న కాగితం అంటించడం మధ్య దారి. ఆ ఒక్క వాక్యం ఐరిష్ మాత్రం మాస్టారు రాసిస్తే బాగుంటుంది.

దానికోసం ఈ శనివారమే ఆ ఊరు వెళ్లండి. క్షమాపణ పెద్దగా చెప్పక్కర్లేదు, ఒక్క మాట చాలు. ఇరవై మొక్కలు, పక్షుల ఫొటోలు పెద్దవిగా ప్రింట్ తీసుకుని పట్టుకెళ్లండి. ఒక్కొక్కటి చూపించి దీన్ని మీరేమంటారు అని అడగండి. ఆయన చెప్పింది ఫోన్‌లో రికార్డు చేయడానికి ముందే అనుమతి అడగండి. కొన్ని మాటలు టేర్మాలో ఉన్నవాటితో కలవవు. రెండూ రాసుకోండి. తన చిన్నతనంలో బాగ్ మీద ఏం చేసేవాళ్లో ఆయన చెప్పడం మొదలుపెడితే ఆపకండి, టైమ్ చూసుకోకండి. ఆయన ఒప్పుకుంటే అనువాదకులకు ఆయన నంబరు ఇవ్వండి, ఆయన సమయానికి గౌరవంగా ఏదైనా ఇచ్చేలా బడ్జెట్‌లో పద్దు పెట్టండి.

చివరి ప్రశ్న, పేరు. బోర్డు కింద ఫొటో తీసిన మనిషి పేరు వేస్తారు, బొమ్మ గీసిన మనిషి పేరు వేస్తారు. ఐరిష్ రాసిన మనిషి పేరు కూడా వేయండి, వాళ్లను అడిగి. మొక్కల పేర్లు చెప్పింది మాస్టారు అయితే ఆయన పేరూ వేయండి, ఆయన సరేనంటే. ఆ పేరును ఐరిష్‌లో ఎలా రాయాలో కూడా ఆయన్నే అడిగి రాసుకోండి.